ఏడో దినం సవారి

మా ఊరివాళ్లకు పది దాకా లెక్కపెట్టడం రాదని అమ్రాబాద్ చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఒక ఎగతాళి ఉంది. మొహర్రంలో పీర్లు ఎక్కడైనా పదో దినం సవారికి, అంటే ఊరేగింపుకు, లేచి వాగుకు పోతాయి. మా ఊళ్లో ఏడో దినమే ఒకసారి పోతాయి, మళ్లీ పదో దినం పోతాయి. సంతలో నేను కనబడితే చాలు, "ఏం సైదమ్మా, మీ ఊళ్లె ఏడుకే పది నిండుతదంట గదా!" అని పళ్లికిలిస్తారు. ఇకిలించనీ. కుండకు మూకుడుంటుంది గాని లోకం నోటికి ఉండదు. ఆ తప్పు లెక్క ఎవరు వేశారో, ఎందుకు వేశారో మా ఊరికి తెలుసు. నా ఎడమకాలికి ఇంకా బాగా తెలుసు.

నేను మాదిగ పెద్దులు బిడ్డను. మా బాపు డప్పు పెద్దులంటే మా దిక్కు చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన డప్పును మంటకు కాచి నాలుగు దెబ్బలు వేస్తే అది పెళ్లో, చావో, పీర్ల పండుగో పొలంలో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. మా అమ్మ బిక్షమ్మది నల్లగొండ దిక్కు. అక్కడి దర్గాలో సైదులుకు మొక్కుకుంటే పుట్టానని నాకు సైదమ్మ అని పేరు పెట్టింది. అంటే కడుపులో ఉన్నప్పటి నుంచే నేను పీర్ల మనిషిని.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తొంభై ఒకటో సంవత్సరం, వానలు అప్పుడే మొదలైనాయి. మా దిక్కు నడుస్తున్నది యుద్ధమే, కాని దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. అడవిలోంచి అన్నలు వచ్చి బువ్వ అడిగితే పెట్టాలి. పోలీసులు వచ్చి బువ్వ ఎవరికి పెట్టారని అడిగితే చెప్పాలి. పెడితే వీళ్లతో తంటా, చెప్తే వాళ్లతో తంటా. మా ఊరు మద్దెల లాగా రెండు దిక్కులా దెబ్బలు తింటూ ఉండేది.

పీర్లు నిలబెట్టిన నాలుగో దినం. నేను గుట్ట మీద మా నాలుగు మేకలను మేపుతున్నాను. టపటపమని చప్పుడైతే పండుగకు ఎవరో పటాకులు కాలుస్తున్నారనుకుని అటు వైపే చూస్తూ నిలబడ్డాను, తెలివితక్కువదాన్ని. తొడలో కాల్చిన గడ్డపార దింపినట్టయింది. కింద పడ్డాక చూస్తే లంగా అంతా నెత్తురు. అది ఎవరి తూటా అని తరువాత నన్ను చాలామంది అడిగారు. తూటా మీద పేరు రాసి ఉండదు కదా! బాపు ఎక్కడి నుంచి ఉరికొచ్చాడో తెలియదు, నన్ను భుజాన వేసుకుని, పైన గొంగడి కప్పుకుని ఇంటికి తెచ్చాడు.

పొద్దుగూకేసరికి ఊరి బయట కల్వర్టు దగ్గర పోలీసులు డేరా వేశారు. కాల్పుల్లో వాళ్ల మనుషులు ఇద్దరు గాయపడ్డారట, అటు దిక్కున కూడా ఎవరికో తగిలిందట. ఆ తగిలినవాళ్ల కోసమే వెతుకులాట. అడవిలోకి అడుగు పెట్టొద్దని చాటింపు వేశారు. మిగిలింది కల్వర్టు దారి ఒక్కటే. నడిచిపోయే ఆడవాళ్ల మూటలు విప్పి చూసి వదిలేవాళ్లు. ఒంటి మీద గాయం ఉన్నవాళ్లను మాత్రం వదలరు. పక్క ఊరిలో కట్టెలు కొడుతూ కాలు తెగ్గొట్టుకున్న ఒకాయనను జీపెక్కించుకుని పోయారు. నెల తరువాత ఆయన గోడ పట్టుకుని నడుస్తూ తిరిగొచ్చాడు.

"మేకలు కాసే పొల్ల అంటే నమ్ముతరా?" అన్నాడు ఊరి పెద్దమనిషి మైసయ్య. "అన్నలకు బువ్వ మోసే పొల్ల అంటరు. పెద్దులును పట్కపోతరు. తర్వాత ఊరు మీద పడ్తరు."

ఆ మాట అబద్ధమూ కాదు, పిరికితనమూ కాదు. ఊరు మొత్తం అదే భయంతో తలుపులు వేసుకుంది.

ఆరో దినానికి నా కాలు మొద్దులా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. ఇంక ఏం చేయాలో తోచక అమ్మ నన్ను ఎత్తుకుని పీర్ల కొట్టానికి తీసుకుపోయింది. పంజా ఆకారంలో ఉండే వెండి పీర్లు, పొడుగాటి కర్రలకు రంగురంగుల దట్టీలు చుట్టుకుని అక్కడ వరుసగా నిలబడి ఉంటాయి. దట్టీ అంటే మొక్కుబడికి కట్టే గుడ్డ. ప్రతి ఇంటిదీ ఒకటి ఉంటుంది, మా ఇంటిది ఎరుపు. అమ్మ వాటి ముందు చాప పరిచి నన్ను పండబెట్టి, చేతులు జోడించి కూర్చుంది.

పీర్లకు ఊదు వేసేది ఖాసిం, ఆయన ముజావర్. కాని కొట్టంలో పెత్తనం అంతా ఆయన తల్లి ఇక్బాల్ బీది. అరవై ఏళ్ల మనిషి, ఐదు పూటలా నమాజు, చేతిలో తస్బీ పూసల దండ. మా ఊరి పిల్లలం సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టాం. ఆమె నా కట్టు విప్పి, గాయం మీదికి వంగి వాసన చూసింది. ఆమె ముఖం మారిపోవడం నేను అరకన్నుతో చూశాను.

"పసరుతోటి అయ్యేది కాదు బిక్షమ్మా. కుళ్లు వట్టింది. దవాఖానకు పోకుంటే పదో దినం దాక ఉండదు పొల్ల."

నేను నిద్రపోతున్నానని వాళ్లనుకున్నారు. నాకు అన్నీ వినబడుతున్నాయి. చచ్చిపోతానని తెలిస్తే తొమ్మిదేళ్ల పిల్లకు ఏమనిపిస్తుందో తెలుసా? కోపం వస్తుంది. నా మేకలను ఎవరు మేపుతారు, పదో దినం పంచే మలీదా ముద్ద నాకెవరు దాచిపెడతారు అని ఒకటే కోపం.

ఖాసింను, బాపును, మైసయ్యను కొట్టంలోకి పిలిచి ఇక్బాల్ బీ తలుపు దగ్గరికి వేసింది. మూలన ఉన్న పీర్ల పెట్టె వైపు చెయ్యి చూపించింది. ఏడాది పొడుగునా పీర్లను దాచిపెట్టే టేకు పెట్టె అది. పదో దినం ఖాళీ పెట్టెను నలుగురు భుజాల మీద మోసుకుని పీర్లతో పాటు వాగుకు పోతారు. అక్కడ పీర్లను కడిగి, పెట్టెలో పెట్టి తిరిగి తెస్తారు. ముజావర్ తప్ప ఆ మూత ఎవరూ ముట్టరు.

"రేపు సవారి లేపుదం" అంది ఇక్బాల్ బీ. "పెట్టెల పొల్లను పండవెడ్దం. వాగు అవుతల నా చిన్నకొడుకు యాకూబ్ బండి కట్టుకొని ఉంటడు."

ఖాసిం బిత్తరపోయాడు. "అమ్మీ, రేపు ఏడో దినం! పదో దినం కాకుంట పీరీ పొలిమేర దాటొద్దు. పాపం తగుల్తది."

"పోలీసోళ్లకు ఏం తెలుసురా ఏడో, పదో? ఎక్కడెక్కడోళ్లో వాళ్లు."

"వాళ్లకు తెల్వది. పీర్లకు తెల్వదా?"

మైసయ్య గొంతు సవరించుకున్నాడు. "పీర్ల పెట్టెల నెత్తురోడే పొల్లనా అవ్వా? అందుల..."

"అందుల ఏంది మైసయ్యా? పూర్తిగ అను, జర ఇంటం."

మా కులం పేరు మైసయ్య నోట్లోనే ఆగిపోయింది. తల వంచుకున్నాడు. బాపు గోడకు ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్పుడు ఇక్బాల్ బీ మాట్లాడిన తీరు నేను బతికినంత కాలం మరచిపోను.

"మనం ఏటేట గుండెలు బాదుకునేది ఎందుకురా? కర్బలాల పసిపిల్లలు నీళ్లు లేక సచ్చిండ్రని గదా! గా నీళ్లు బంద్ జేసింది గిదే ఏడో దినం. గాళ్లు కూడా తొవ్వకు అడ్డం కూసొనే సంపిండ్రు. ఇప్పుడు మన కండ్ల ముంగట మన పొల్ల సస్తాంది, మనం దినాలు లెక్కవెట్టుకుంట కూసుంటే గీ పీర్లు మన కొట్టంల ఉంటయా? పాపమైతే నాకు తగలనీ. మీకెందుకు ఫికర్?"

ముందుగా మాట్లాడింది మైసయ్యే. "పెట్టె ముంగటి కొమ్ము నేను వడ్త" అన్నాడు.

తెల్లారి ఇక్బాల్ బీ మలీదా మూట పట్టుకుని, కల్వర్టు దగ్గర మూట విప్పి చూపించి, వాగు దాటి యాకూబ్‌కు చెప్పొచ్చింది. ఆమె తిరిగి వచ్చేసరికి కొట్టం ముందు ఊరంతా ఉంది. ఎవరినీ పిలవలేదు. ఇంటికొకరు వాళ్ల వాళ్ల దట్టీ తీసి పెట్టెలో పరిచారు. ఆకుపచ్చవి, పసుపువి, తెల్లవి. ఎరుపు దట్టీలన్నీ నా కాలి కింద వేశారు, నెత్తురు కనబడకుండా. చిన్నపిల్లలకు కూడా ఒకటే మాట చెప్పారు: ఇవ్వాళ పదో దినం.

మూత వేసే ముందు అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "బిడ్డా, బాపు డప్పు ఇనవడ్డంతసేపు నువ్వు ఎంతన్న ఏడ్వు. డప్పు ఆగిందంటె మాత్రం నోరు తెర్వకు."

పెట్టెలో ఊదు వాసన, అత్తరు వాసన, ఏళ్లనాటి గుడ్డల వాసన. పక్క చెక్కల మధ్య వేలు మందం సందు ఉంది, దానికి కన్ను ఆనించాను. పెట్టె లేచింది. బాపు డప్పు మోగింది. పదో దినపు దరువు, ఏడుపు దరువు అది. అంత గట్టిగా, అంత తప్పు లేకుండా ఆయన ఎప్పుడూ కొట్టలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్తారు. పెట్టె కదిలినప్పుడల్లా కాలిలో ప్రాణం పోతోంది. నేను ఏడ్చాను, కేకలు వేశాను, బాపును తిట్టాను, తూటాను తిట్టాను. డప్పు అన్నిటినీ కప్పేసింది.

అప్పుడు డప్పు ఆగింది.

నేను దట్టీని నోట్లో కుక్కుకుని పళ్లతో కరిచి పట్టాను.

"ఆగండి! ఏంటది? దించండి కింద" అని ఒక కోస్తా గొంతు. ఆఫీసరుది. మూడు దినాలుగా నిద్ర లేని గొంతు అది.

పీర్ల పెట్టెను నేల తాకనియ్యకూడదు. అందుకని మోసే నలుగురూ మెల్లగా వంగి, పెట్టె నాలుగు మూలలనూ వాళ్ల పాదాల మీదికి దించుకున్నారు. నా సందు నేలకు జానెడు ఎత్తులోకి వచ్చింది. నాకు మైసయ్య మడమలు, ఎర్రమట్టి, దూరంగా ఒక నల్ల బూట్ల జత కనబడ్డాయి.

"యాదయ్యా, మీ దిక్కు పండగే కదా ఇది" అంది ఆ కోస్తా గొంతు. "ఈ రోజేనా వీళ్లు వాగుకెళ్లేది? చూసి చెప్పు."

బూట్లు దగ్గరికి వచ్చాయి. పెట్టె ముందు ఆగాయి. "ముజావర్ ఎవరు?" అని ఆ కానిస్టేబుల్ అడిగాడు. మా యాసే! మా అమ్మ తరపు మేనమామలు మాట్లాడినట్టే ఉంది. నాకు భయం తగ్గలేదు, పెరిగింది. కోస్తావాళ్లకు లెక్క తెలియకపోవచ్చు, నల్లగొండ మనిషికి తెలియకుండా ఉంటుందా?

"ఇయ్యాల ఎన్నో దినం?" అన్నాడు.

ఖాసిం చేతిలో పీరీ ఉంది. పీరీ పట్టుకుని అబద్ధమాడలేక నీళ్లు నమిలాడు. అప్పుడు ఇక్బాల్ బీ గొంతు వినబడింది, వణుకు లేకుండా.

"పదో దినం బిడ్డా."

అరవై ఏళ్లలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదేనని నా నమ్మకం.

"మాది కేతేపల్లి దిక్కు అవ్వా" అన్నాడు యాదయ్య. గొంతు తగ్గించాడు. "మా ఊళ్లె ఇయ్యాల ఏడో దినమే."

నా కాలి కింది దట్టీలన్నీ తడిసిపోయి, పెట్టె అడుగు నుంచి ఒక చుక్క నేల మీద పడింది. ఇంకొకటి పడింది. వాటిని నేను చూడలేదు, డప్పు పట్టుకుని నిలబడ్డ మా బాపు చూశాడు. యాదయ్య కూడా చూశాడు. ఇద్దరి కళ్లూ కలుసుకున్నాయి. ఆ క్షణంలో ఆ పోలీసాయన కాళ్ల మీద పడదామా, డప్పు పారేసి ఆయన గొంతు పట్టుకుందామా అని ఆలోచించానని బాపు చెప్తాడు.

నాకు కనబడింది బూట్లే. అవి వెనక్కి తిరిగి పోయాయి. నా పని అయిపోయిందనుకున్నాను. కొంచెంసేపటికి బూట్లు కాదు, ఉత్త కాళ్లు తిరిగొచ్చాయి. నల్లటి పెద్ద పాదాలు. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. పీరీ ముందుకు చెప్పులతో రాకూడదని తెలిసిన మనిషి బూట్లు విప్పి వచ్చాడు.

ఆయన చేతిలో క్యాంపు నీళ్ల బకెట్ ఉంది. సవారి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్లు పీర్లను మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడం మా ఆచారం. యాదయ్య వంగి మైసయ్య కాళ్ల మీద నీళ్లు పోశాడు. తరువాత రెండో మనిషికి, మూడో మనిషికి, నాలుగో మనిషికి పోశాడు. పెట్టె చుట్టూ తిరుగుతూ బకెట్ అయిపోయేదాకా పోశాడు. నీళ్లు పెట్టె కిందుగా పారి, పడ్డ నెత్తురును కడిగి రోడ్డు పక్క కాలువలోకి తీసుకుపోయాయి.

ఆ తరువాత లేచి నిలబడి డేరా వైపు తిరిగాడు. "పదో దినమే సార్!" అని గట్టిగా చెప్పాడు. "నేనే లెక్క తప్పిన."

"సరే, పోనివ్వు" అంది కోస్తా గొంతు.

బాపు మొదటి దెబ్బ డప్పు అంచుకు తగిలింది. రెండోది సరిగ్గా పడింది. నేను నోట్లోంచి దట్టీ తీసి మళ్లీ ఏడ్చాను.

వాగు ఒడ్డున యాకూబ్ బండిలో గడ్డి పరిచి ఉంచాడు. అమ్మ నాతో ఎక్కింది. పొద్దు నడినెత్తి దాటేలోపు దవాఖానలో ఉన్నాం. తూటా తీసిన నర్సమ్మ దాన్ని గుడ్డలో చుట్టి అమ్మ చేతిలో పెట్టి, పుస్తకంలో "ఎద్దు పొడిచింది" అని రాసుకుంది. అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలుసు. ఒక్క రోజు ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదని, రెండు రోజులైతే కాలు తీసినా లాభం ఉండేది కాదని డాక్టరు చెప్పాడట.

ఇదంతా ఒక ఎత్తు, మా ఊరు ఆ తరువాత చేసింది ఒక ఎత్తు. పదో దినం అయిపోయిందని చెప్పాం కదా, ఇంక డప్పు మోగితే దొరికిపోతాం. అందుకని అసలైన ఎనిమిది, తొమ్మిది, పది దినాలు ఊళ్లో డప్పు మోగలేదు. కొట్టం ముందు నిప్పుల గుండం వెలగలేదు. పులివేషం కోసం ఏడాదిగా ఎదురుచూసిన పిల్లలు రంగులు పూసుకోకుండా కూర్చున్నారు. అసలు పదో దినాన మా పీర్లు వాగును చూడలేదు. ఖాసిం వాటిని రెండోసారి పెట్టెలోంచి తీసి ఇంటి వెనక మోటబావి నీళ్లతో కడిగాడు. కడుగుతూ ఏడ్చాడట. రెండు వందల గడప, అందులో కల్లు తాగేవాళ్లున్నారు, పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్న పాలివాళ్లున్నారు. ఒక్క నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు. మీ ఊళ్లో పది దాకా లెక్కపెట్టడం వచ్చినవాళ్లు చాలామంది ఉండొచ్చు. ఇంతమంది కలిసి మూడు దినాలు నోరు మూసుకోవడం వచ్చినవాళ్లు ఉన్నారా?

మరుసటి ఏడు పీర్లను నిలబెట్టినప్పుడు ఖాసిం మనసులో పీకులాట మొదలైంది. పోయిన ఏడు దినం తప్పించాం, దానికి ఏం శాంతి చేయాలి అని పెద్దలను అడుగుతూ తిరిగాడు. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఇక్బాల్ బీ మాత్రం ఏమీ చెప్పలేదు.

ఏడో దినం పొద్దున బస్సులోంచి ఒక మనిషి దిగాడు. తెల్ల ధోవతి, చంకలో ఒక మూట. కొత్త మనిషిని చూసి ఊరు బెదిరింది. ఆయన ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా కొట్టానికి వచ్చి, గడప బయట చెప్పులు విడిచాడు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. అందరూ ఆయన ముఖం వైపు చూస్తున్నారు, నేను కాళ్ల వైపు చూశాను. కుడికాలి బొటనవేలికి గోరు లేదు.

ఆయన మూట విప్పాడు. అందులో కొత్త ఎర్ర దట్టీ ఉంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఇక్బాల్ బీ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, ఇయ్యాల ఎన్నో దినం?"

ఇక్బాల్ బీ ఆయనను ఎగాదిగా చూసింది. ముసలి కళ్లు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"పదో దినం బిడ్డా" అంది.

"అయితే సవారి లేవాలె గదా."

ఖాసిం తల్లి ముఖం చూశాడు, పీర్ల వైపు చూశాడు. ఆ ఎర్ర దట్టీని తీసుకుని పీరీకి కట్టి, కర్రను భుజానికెత్తాడు. ఎవరు చెప్పారని బాపు డప్పు కాచాడో తెలియదు, దరువు అందుకున్నాడు. పీర్ల పెట్టె ఎత్తడానికి మైసయ్య పరుగెత్తాడు. నాలుగో మనిషిగా యాదయ్య వెళ్లి భుజం పెట్టాడు.

నేను లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చాను. నా ఎడమకాలు కొంచెం పొట్టి, అందుకని సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన సగం యాదయ్య పాదాల మీద పోశాను. ఆయన కిందికి చూశాడు. నా కాలు చూశాడు, నా ముఖం చూశాడు. పెట్టె మోసేవాడు మాట్లాడకూడదు, అందుకని ఏమీ అనలేదు. ఆయన కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు.

అప్పటి నుంచి మా ఊళ్లో ఏడో దినం సవారి లేస్తుంది. ముందు నేను నీళ్ల చెంబుతో కుంటుకుంటూ నడుస్తాను. మొన్న సంతలో ఒకతను మళ్లీ అడిగాడు, ఏడుకే పది నిండుతదా అని.

"నిండుతది" అన్నాను. "మా ఊళ్లె నిండుతది."